జచ్చా రికాబీలోంచి తీసేసినవి



కిందటి నెల ఓ రాత్రి పదకొండింటికి మా పెద్దమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. కాన్పై అప్పటికి తొమ్మిది వారాలు. సలాం చెప్పి ఆగిపోయింది. కాసేపటికి ఏడుపు. "అమ్మీ, పొద్దున అన్నం, సొరకాయ. మధ్యాహ్నం అన్నం, సొరకాయ. రాత్రికి నీళ్లలో ఉడికించిన కోడిముక్క. ఐదు వారాలుగా ఇదే. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి."

సంగతేమిటంటే, పాపాయి విరేచనంలో జిగురు, దానితో పాటు సన్నటి నెత్తుటి చార కనిపించాయి. బిడ్డ తాగేది తల్లిపాలు మాత్రమే. డాక్టరమ్మ చూసి, బరువు బాగానే పెరుగుతోంది, ఘబరా పడొద్దు, ముందు నువ్వు పాలూ పాలతో చేసినవీ మానెయ్, రెండు వారాలాగి మళ్లీ రా అంది. మా అమ్మాయి ఇంటికొచ్చి ఫోన్ తెరిచింది. అందులో దొరికిన ఫెహ్రిస్త్ పట్టుకుని పాలతో పాటు గుడ్డు, గోధుమ, సోయా, పల్లీలు, జీడిపప్పు బాదం, చేప, రొయ్య, నువ్వులు అన్నీ మానేసింది. చార పోయింది. పోయిందిగా, ఇప్పుడు దేన్ని ముట్టుకుంటే మళ్లీ వస్తుందోనని ఖౌఫ్. డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లనే లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఈ ఖిస్సా నాకు కొత్త కాదు. 1996లో ఇదే అమ్మాయి నా ఒడిలో వున్నప్పుడు ఇదే చార, ఇదే జిగురు.

అది నా మొదటి జచ్చగీ, మైకేలో, అంటే పుట్టింట్లో. మా నానీమా బతికే వుంది. చిల్లా నలభై రోజులూ వంటింటి హుకూమత్ ఆమెదే. వంకాయ తింటే బిడ్డకు ఖుజ్లీ, గోంగూర వేడి, గుమ్మడికాయ చలవ, శనగపప్పు, ఆలుగడ్డ వాతం, పెరుగు జలుబు, చేప అసలే వద్దు. మామిడిపండు పేరెత్తితే గుడ్లురిమేది. పెట్టేవి ఏమిటంటే ఎల్లిపాయ కారం, నెయ్యి అన్నం, వాము కాచిన అచ్వానీ, పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి హరీరా. బాదం, గసగసాలు, గోంద్ నూరి చిక్కటి పాలలో కాచిన హరీరా. మధ్యలో ఇంకో గ్లాసు పాలు. పాలు తాగితేనే పాలు పడతాయని ఆమె అఖీదా. మా ఇంట్లోనే కాదు, పక్కింటి కమ్మవారింట్లోనూ అదే మాట.

నాలుగో వారంలో చార కనిపించింది. అదే వారంలో మా సాస్ మనవరాలిని చూడ్డానికొచ్చింది. పొత్తిగుడ్డ చూసి మా అమ్మీతో అంది: "క్యా ఖిలారే తుమ్ లోగా?" ఏం పెడుతున్నారు మీరసలు? అంతే. మా అమ్మీ జవాబు చెప్పలేదు. ఆ రోజు నుంచి నా రికాబీలోంచి రోజుకొకటి మాయమవడం మొదలైంది. ముందు గోష్, తర్వాత గుడ్డు, తర్వాత టమాటా, ఆ తర్వాత కందిపప్పు. వీధిలో ఎవరో నేను దొంగతనంగా ఆవకాయ తిన్నానన్నారు. నా మీద షక్‌తో జాడీకి గుడ్డ కట్టి అటక మీద పెట్టారు. పాలు మాత్రం ఎవరూ తీయలేదు. బిడ్డకు బాగోలేదు గదా అని ఇంకో గ్లాసు పెంచారు.

చివరికి పట్నంలో ఓ పిల్లల డాక్టర్ నేను తినేవన్నీ అడిగి రాసుకుని, పాలు ఆపమన్నాడు. మా నానీమాకు ఆయన పాగల్‌లా కనిపించాడు. పది రోజులకు చార ఆగింది. అప్పుడు పాలు కూడా పోయాయి, కానీ తీసేసిన వంకాయ, గుడ్డు, పప్పు ఏవీ వెనక్కి రాలేదు. ఎనిమిది నెలలు ఎల్లిపాయ కారం అన్నంతో బతికాను. ఓ షాదీలో ఎవరూ చూడకుండా బగారా బైంగన్ తిన్నాను. ఆ రాత్రంతా బిడ్డ పక్కన కూర్చుని పహరా కాశాను. ఏమీ కాలేదు.

ఈ పర్హేజ్‌ల తవారీఖ్ వెతకాలన్న పట్టుదల నాకు అప్పటి నుంచీ వుంది. ఈ నెల కూర్చుని నాకు దొరికినంత చదివాను.

పాలిచ్చే ఆడదాని తిండి మీద ఫెహ్రిస్త్‌లు చాలా పాతవి. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేసిన ఎఫెసస్ సొరానస్ స్త్రీల వైద్యం మీద గ్రీకులో ఓ కితాబ్ రాశాడు. పాలిచ్చే దాయి ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి, పప్పుధాన్యాలు, ఉప్పులో ఊరిన మాంసం తినకూడదని అందులో వుంది. మన దగ్గర చరక సంహిత తల్లిపాల దోషాలను ఎనిమిదిగా లెక్క కట్టింది. తిన్నది రక్తమవుతుంది, రక్తం పాలవుతుంది, కాబట్టి పాలు చెడితే తిండి చెడినట్టే. ఒక్కో వైద్యంలో మాటలు వేరుగాని ఆలోచన ఇదే.

హకీములందరికీ ఉస్తాద్ ఇబ్నె సీనా. 1037లో వఫాత్ అయ్యాడు. ఆయన అల్ ఖానూన్ మొదటి కితాబ్‌లో పాలిచ్చే దాయి గురించి తఫ్సీల్‌గా వుంది. వీలైనంత వరకు తల్లిపాలే ఇవ్వాలంటాడు. దాయిని పెట్టుకోవాల్సి వస్తే ఆమె వయసు 25, 35 మధ్య వుండాలి, మిజాజ్ మంచిదై వుండాలి. ఆమె పాలను గోటి మీద చుక్క వేసి చిక్కదనం చూడాలి. గోధుమ, గొర్రెపిల్ల, మేకపిల్ల గోష్, మెత్తటి చేప, బాదం ఆమెకు మంచివి. ఆవాలు, జిర్జీర్ ఆకు, ఓ రకం తులసి పాలను ఫసాద్ చేస్తాయి, పుదీనాలోనూ కొంత ఆ గుణం వుంది. పాలు తాగే బిడ్డకు జబ్బు చేస్తే ఇలాజ్ ముందు పాలిచ్చే ఆమెకే. యూనానీ దవాఖానాలో హకీం సాబ్ బిడ్డ నాడి కంటే ముందు తల్లి తిన్నదేమిటని అడగడం వెనక వెయ్యేళ్ల రివాజ్ వుంది.

చేప చూడండి. ఇబ్నె సీనా పెట్టమన్న చేపను మా నానీమా హరామ్ చేసినంత పని చేసింది. సొరానస్ వద్దన్న వెల్లుల్లి మన బాలింత విస్తట్లో అమృతం. అమెరికాలో ఫిలడెల్ఫియా మోనెల్ సెంటర్‌లో జూలీ మెన్నెలా, గ్యారీ బోషాంప్ 1991లో ఓ పరీక్ష చేశారు. తల్లులకు వెల్లుల్లి గొట్టాలు మింగించి వాళ్ల పాల వాసన చూశారు. రెండు గంటల ప్రాంతంలో పాలకు వెల్లుల్లి ఖుష్బూ వచ్చింది. బిడ్డలు మొహం తిప్పుకోలేదు సరికదా, ఇంకాసేపు ఎక్కువే పట్టుకుని తాగారు. మా నానీమాకు ఈ కబురు చెప్పి వుంటే ఆ డాక్టర్‌ని మాఫ్ చేసి వుండేది.

చదువుతుంటే నాకొకటి అర్థమైంది. ఈ పాత ఫెహ్రిస్త్‌లు ఎక్కువగా తల్లుల కోసం రాసినవి కావు, జీతానికి పాలిచ్చే దాయిల కోసం రాసినవి. రోమన్ల కాలపు మిస్ర్‌లో దాయిలతో రాసుకున్న ఖరార్‌నామాలు పపైరస్ మీద దొరికాయి. పాలు చెడగొట్టుకోకూడదు, మగవాడితో పడుకోకూడదు, గర్భం దాల్చకూడదు, ఇంకో బిడ్డకు పాలివ్వకూడదు. షాహీ మహళ్లలో అన్నాలకు ఇజ్జత్ వుండేది, అక్బర్ దాయి మాహమ్ అంగా దర్బార్‌లో చక్రం తిప్పింది. కానీ మామూలు దాయి నౌకరీ మనిషి. ఆమె నోటికి తాళం వేసే హక్కు డబ్బిచ్చిన వాళ్లది. దాయిలు పోయాక ఆ ఫెహ్రిస్త్ సొంత తల్లి మెడకు చుట్టుకుంది, నిఘా కూడా దానితోనే వచ్చింది. ఇది నా అంచనా. కానీ అటక మీది ఆవకాయ జాడీ గుర్తొచ్చినప్పుడల్లా ఇది నిజమే అనిపిస్తుంది. సూరహ్ బఖరా 233వ ఆయత్‌లో పాలిచ్చే తల్లి తిండీ బట్టా తండ్రి జిమ్మేదారీ అనీ, బిడ్డ పేరు చెప్పి తల్లికి నష్టం చేయకూడదనీ వుంది. మా ఇళ్లలో అదే ఆయత్‌లోని రెండేళ్ల లెక్క అందరికీ నోటికొచ్చు. ఈ రెండో సంగతి ఎవరూ ఎత్తరు.

సైన్స్ ఈ మైదానంలోకి దిగింది ఇరవయ్యో శతాబ్దంలో. అలర్జీ అన్న మాటే 1906లో వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే పుట్టించాడు. 1918లో బోస్టన్ పిల్లల డాక్టర్ ఫ్రిట్జ్ టాల్బట్ తల్లి తిన్న చాక్లెట్‌కూ పాలు తాగే బిడ్డ ఒంటి మీది ఎగ్జిమాకూ రిష్తా చూపించాడు. 1921లో షానన్ అనే డాక్టర్ గినీ పందుల మీద ప్రయోగం చేసి, తల్లి తిన్న గుడ్డు ప్రొటీన్ ఆమె పాలలోకి చేరుతుందని సాబిత్ చేశాడు. అంటే నానీమాల గుమాన్ పూర్తిగా గలత్ కాదు. తల్లి తిన్నదాంట్లో నలుసంత పాలలోకి దిగుతుంది. ఏది దిగుతుంది, ఎందరికి దిగుతుంది, దిగితే ఎందరు బిడ్డలకు తక్లీఫ్, అసలు సవాల్ అది.

దానికి గట్టి జవాబు స్వీడన్‌లోని మాల్మో నుంచి వచ్చింది. ఇరేన్ యాకబ్సన్, టోర్ లిండ్‌బర్గ్ అనే ఇద్దరు డాక్టర్లు 1978లో లాన్సెట్ పత్రికలో ఓ చిన్న వ్యాసం రాశారు. గంటల తరబడి కడుపునొప్పితో ఏడ్చే, తల్లిపాలే తాగే బిడ్డలు. తల్లులు 18 మంది. అందరి తిండిలోంచి ఆవుపాలు తీసేశారు. 13 మంది బిడ్డల్లో ఏడుపు ఆగింది. ఇంతవరకు మా నానీమా కూడా చేయగలదు. వాళ్లు ఆ తర్వాత చేసిన పని వేరు. ఆ తల్లులకు మళ్లీ పాలు ఇచ్చారు. 12 మంది బిడ్డల్లో ఏడుపు మళ్లీ వచ్చింది.

తీసెయ్యడం, మళ్లీ పెట్టి చూడడం. ఇందులో రెండోది నేను చదివిన పాత ఫెహ్రిస్త్‌లలో ఎక్కడా కనబడలేదు.

అంతటితో ఫైసలా అయిపోలేదు. 1981లో అదే లాన్సెట్‌లో ఇంకో బృందం తల్లికీ తెలియకుండా డాక్టర్‌కీ తెలియకుండా ఓ రోజు ఆవుపాలు, ఓ రోజు సోయా పాలు ఇచ్చి, ఏడుపులో తేడా ఏమీ లేదని రాసింది. మాల్మో వాళ్లు అలిగి కూర్చోలేదు. ఈసారి 66 మంది తల్లులతో మొదలెట్టారు. పాలు మానితే 35 మంది బిడ్డలకు నిమ్మళించింది. మళ్లీ పెడితే కనీసం రెండుసార్లు తిరగబెట్టింది 23 మందికి. వాళ్లలో కొందరు తల్లులకు పాలలోని వే ప్రొటీన్ వున్నవీ లేనివీ గొట్టాలు ఎవరికీ తెలియకుండా మార్చి మార్చి ఇచ్చారు. చివరిదాకా నిలిచిన పదిమంది బిడ్డల్లో తొమ్మిదిమంది వే ప్రొటీన్ రోజుల్లోనే ఏడ్చారు. 1983లో ఇది అచ్చయింది.

నాకు ఈ లెక్కలో నచ్చింది ఆ తొమ్మిది కంటే కూడా 35 లోంచి 23 పోగా మిగిలిన 12. పాలు మానితే తగ్గింది, పాలు పెట్టినా తిరగబెట్టలేదు. అంటే వాళ్లకు తగ్గింది పాలు మానినందుకు కాదు. ఈ కడుపునొప్పి ఏడుపు మామూలుగా మూడు నాలుగు నెలలకు దానంతటదే సర్దుకుంటుంది. ఆ పన్నెండుగురు తల్లులకు మళ్లీ పెట్టి చూడకపోయి వుంటే బిడ్డ పాలు మానేదాకా తామూ పాలు ముట్టకుండా వుండిపోయేవారు. నాలాగా.

ఇక నెత్తుటి చార. 1982లో ఆలన్ లేక్, ఆయన సాథీ డాక్టర్లు, తల్లిపాలు మాత్రమే తాగే ఆరుగురు పసిబిడ్డల్లో పేగు వాచి నెత్తురు పడటం తల్లి తినే ప్రొటీన్ వల్లేనని రాశారు. ఆవుపాలలో బీటా లాక్టోగ్లోబ్యులిన్ అని ఓ ప్రొటీన్ వుంది. మనిషి పాలలో అది పుట్టదు. అయినా పాలిచ్చే తల్లుల్లో దాదాపు సగం మంది పాలలో అది అణువంత దొరుకుతుంది. చాలామంది బిడ్డలకు దాంతో ఏమీ కాదు. ఇక్కడ ఓ గలత్‌ఫహ్మీ తీర్చాలి. ఇది పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్ గొడవ కాదు. తల్లి ఆవుపాలు మానినా తాగినా తల్లిపాలలో లాక్టోజ్ అంతే వుంటుంది. లాక్టోజ్ లేని పాలప్యాకెట్ తెచ్చి తల్లికి తాగిస్తే పైసలు దండగ, ఆ ప్రొటీన్ అందులోనూ వుంటుంది.

ఎందరికి వస్తుంది? డెన్మార్క్‌లోని ఓడెన్సేలో 1749 మంది నవజాత శిశువులను ఏడాది పాటు గమనించారు. 1988లో ఫలితం రాశారు. ఆవుపాల అలర్జీ 39 మందికి. వాళ్లలో పూర్తిగా తల్లిపాల మీద వుండగా వచ్చింది 9 మందికి. అంటే రెండొందల మందిలో ఒక్కరు. అసలు హైరానీ తర్వాత వుంది. ఆ తొమ్మిదిమందికీ పుట్టిన మొదటి మూడు రోజుల్లో ఆస్పత్రిలో డబ్బాపాలు పట్టారు. చాలామంది తల్లులకు ఆ సంగతే తెలియదు. నేనది చదివి పుస్తకం మూసి కాసేపు గోడ చూస్తూ కూర్చున్నాను. 1996లో నేను కాన్పైన నర్సింగ్ హోమ్‌లో మొదటి రాత్రి, పాలింకా పడలేదు, పడుకోనీ అమ్మా అని ఆయా బిడ్డను తీసుకెళ్లి సీసా పట్టింది. ఆమె నీయత్ మంచిదే. నా బిడ్డ సంగతి దాంతో ముడిపెట్టడానికి నా దగ్గర సబూత్ లేదు. కానీ అందరూ మా అమ్మీ వంటను నిలదీశారు, ఆ సీసాను ఎవరూ అడగలేదు.

2006లో ఫిన్లాండ్‌లోని తంపెరె డాక్టర్లు నెత్తుటి చార వున్న 40 మంది పసిబిడ్డలను పరీక్షించి, తీసేసి మళ్లీ పెట్టి చూస్తే, ఆవుపాల అలర్జీ నిజంగా తేలింది ఏడుగురికే. మిగతా వాళ్లలో ఎక్కువమందికి అదే తగ్గిపోయింది. చార కనబడితే డాక్టర్‌కు చూపించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ చూసిన మరుక్షణం తల్లి వంటిల్లు ఖాళీ చేయాల్సిన పని కూడా లేదు.

పెద్ద పెద్ద ఇదారాలు కూడా నానీమాల దారిలో నడిచాయి. 1998లో బ్రిటన్ ప్రభుత్వం, ఖాందాన్‌లో అలర్జీలున్న గర్భిణులు, పాలిచ్చే తల్లులు పల్లీలు మానితే మంచిదని సలహా ఇచ్చింది. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ అలాంటి తల్లులకే పల్లీలూ జీడిపప్పు లాంటివీ వద్దంది, గుడ్డు, పాలు, చేప గురించి కూడా ఆలోచించమంది. పల్లీల అలర్జీ తగ్గిన దాఖలా లేదు. అమెరికా 2008లో, బ్రిటన్ 2009లో ఆ మాట వాపస్ తీసుకున్నాయి. 2015లో లండన్ నుంచి 640 మంది శిశువుల పరీక్ష ఫలితం వచ్చింది. అలర్జీ ఖతరా వున్న పిల్లలకు ఏడాదిలోపే పల్లీలు తినిపించడం మొదలెట్టిన గుంపులో ఐదేళ్లకు అలర్జీ సుమారు మూడు శాతం, దూరం పెట్టిన గుంపులో పదిహేడు శాతం. అది బిడ్డ నేరుగా తిన్న లెక్క, తల్లిపాల లెక్క కాదు. అయినా తీసెయ్యడం వల్ల ఎప్పుడూ నష్టం వుండదన్న నమ్మకం దాంతో కూలిపోయింది.

నా సంగతి ఏమిటంటే, 1996లో అది పాల వల్లేనా కాదా నాకు ఇప్పటికీ తెలియదు. చార ఆగాక ఎవరూ గ్లాసు పాలు తిరిగి నా చేతికివ్వలేదు. మా సాస్ చనిపోయే దాకా మా అమ్మీ ఏదో పెట్టిందనే అనుకుంది. మా అమ్మీ కూడా అలానే అనుకుందని నా అనుమానం.

మా అమ్మాయికి ఈ పాత కథలేవీ చెప్పలేదు. బేటా, రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు, నేనూ వస్తాను అన్నాను. ఆమె ఫెహ్రిస్త్ చూసి తల పట్టుకుంది. నేను ఒకటి చెబితే నువ్వు తొమ్మిది మానేశావేంటమ్మా అంది. మూడు రోజులకొకటి చొప్పున తిరిగి మొదలుపెట్టమంది, రాసుకోమంది. గుడ్డు, ఏమీ లేదు. గోధుమ రొట్టె, ఏమీ లేదు. పల్లీలు, చేప, సోయా, నువ్వులు, జీడిపప్పు, రొయ్యలు, ఏమీ లేదు. రోజూ నాకు ఫోటో వచ్చేది, ఆ రోజు తిన్న రికాబీది. ఆఖరికి పాలు. రెండో రోజు సాయంత్రానికి జిగురు, మర్నాడు చార. మళ్లీ ఆపితే వారంలో పోయింది. కాబట్టి పాలే. కాల్షియం బిళ్లలు రాసిచ్చి, బిడ్డకు ఏడాది వచ్చేసరికి మళ్లీ చూద్దాం, చాలామందికి అప్పటికి పడుతుంది అంది.

పోయిన జుమా నాడు బగారా బైంగన్ చేసి మా అబ్బాయితో పంపాను. పల్లీలు, నువ్వులు, కొబ్బరి బాగా వేయించి నూరి, లేత వంకాయలు పెట్టి. సాయంత్రం డబ్బా తిరిగొచ్చింది, అడుగున నూనె కూడా మిగలకుండా రొట్టెతో తుడిచి.